కార్డు పాయింట్ల అసలు వెల

ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నల తీరు కాలాన్ని బట్టి మారుతూ ఉంటుంది. ఒకప్పుడు చీటీ పాటల గురించి, బంగారు నగల తాకట్టు గురించి ఎక్కువగా అడిగేవారు. ఇప్పుడు క్రెడిట్ కార్డు గురించి అడుగుతున్నారు. అందులోనూ కార్డు ధర్మసమ్మతమా కాదా అని అడిగేవారికంటే, కార్డు మీద వచ్చే పాయింట్లను ఏమి చేసుకోవాలి అని అడిగేవారే అధికంగా కనిపిస్తున్నారు. ఈ నెల మూడు ఊళ్ళ నుండి వచ్చిన మూడు ప్రశ్నలను ఒకచోట చేర్చి సమాధానమివ్వదలచాము.

ప్రొద్దుటూరులో వస్త్ర వ్యాపారం చేసే సోదరుడొకరు తన కార్డు మీద లక్ష పాయింట్లు చేరాయని, వాటితో తల్లిగారికి ఉమ్రా టికెట్టు తీయవచ్చునా అని అడిగారు. జమ్మలమడుగు సోదరి ఒకరు తన భర్త ఇంటి సరుకులన్నీ కార్డు మీదనే తెస్తున్నారని, పాయింట్లకు బదులుగా వచ్చిన కూపన్లతో కొన్న నూనె, బియ్యం ఇంట్లో వండవచ్చునా అని అడిగారు. పులివెందుల దగ్గర చీనీ తోట ఉన్న యువకుడు డ్రిప్పు పైపులు, ఎరువులు కార్డు మీద కొని, పంట డబ్బు చేతికి వచ్చేదాకా నెలనెలా "కనీస మొత్తం" మాత్రమే కడుతున్నానని, పాయింట్లు వస్తున్నాయి గనుక నష్టం లేదు కదా అని వ్రాశాడు. మొదటి ఇద్దరికీ నెమ్మదిగా సమాధానం చెప్పవచ్చును. మూడవ ప్రశ్న చదివినప్పుడు మాత్రం మా మనస్సు కలవరపడింది. కనుక ముందుగా దానినే చూద్దాము.

మన సీమలో వడ్డీని శాతాలలో చెప్పుకోరు, రూపాయలలో చెప్పుకుంటారు. "నూటికి రెండు రూపాయలు" అంటే నెలకు వంద మీద రెండు రూపాయలని పసిపిల్లవాడికీ తెలుసు. నూటికి మూడు రూపాయలు అడిగేవాడిని ఊరంతా కఠినాత్ముడంటుంది. మరి క్రెడిట్ కార్డు మీద బకాయి నిలిచినప్పుడు చాలా బ్యాంకులు వేసే వడ్డీ నెలకు నూటికి మూడున్నర రూపాయల దాకా ఉంటుంది. కొన్ని ఇంకా పైకి పోతాయి. ఏడాదికి నలభై శాతం దాటినట్టే. దాని మీద 18 శాతం జీఎస్టీ వేరు. ఈ రేటుకు వీధిలోని వడ్డీ వ్యాపారి వద్దకు వెళ్ళడానికి సిగ్గుపడే మనిషి, రంగురంగుల అట్ట మీద తన పేరు అచ్చువేసి ఇస్తే జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

ఏడాదికి 30 శాతం మించి వడ్డీ తీసుకోవడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని 2008లో జాతీయ వినియోగదారుల కమిషను తీర్పు ఇచ్చింది. బ్యాంకులు సుప్రీంకోర్టుకు వెళ్ళగా, 2024 డిసెంబరు 20న ఆ తీర్పు రద్దయింది. కనుక ఈ వడ్డీకి ఇంత అనే గట్టి హద్దు నేడు చట్టంలో లేదు. షరీఅత్ దృష్టిలో నూటికి పావలా అయినా, మూడున్నర రూపాయలైనా నిషేధం ఒక్కటేనన్నది వేరుగా చెప్పనవసరం లేదు. అల్ బఖరా సూరాలో వడ్డీని విడిచిపెట్టని వారికి అల్లాహ్ తరఫున, ఆయన ప్రవక్త (స) తరఫున యుద్ధ ప్రకటన ఉన్నది. మరే పాపానికీ అంత కఠినమైన మాట వాడబడలేదని వ్యాఖ్యాతలు గుర్తుచేస్తారు. సహీహ్ ముస్లింలో జాబిర్ (రజి) ఉల్లేఖించిన హదీసులో వడ్డీ తినేవాడితో పాటు ఇచ్చేవాడు, పత్రం వ్రాసేవాడు, సాక్షులు కూడా శాపంలో సమానులుగా పేర్కొనబడ్డారు. "మేము తీసుకోవడం లేదు, కడుతున్నాము అంతే" అనే సమాధానానికి అక్కడ చోటు లేదు.

ఇప్పుడు పాయింట్ల లెక్క. ఉదాహరణకు ఒక కార్డు ప్రతి 150 రూపాయల ఖర్చుకు 2 పాయింట్లు ఇస్తుందనుకుందాము. నెలకు 30,000 రూపాయలు ఖర్చుపెట్టే కుటుంబానికి 400 పాయింట్లు వస్తాయి. పాయింటును బిల్లులో తగ్గింపుగా తీసుకుంటే 25 పైసల చొప్పున లెక్కించే కార్డయితే, అది నెలకు 100 రూపాయలు, ఏడాదికి 1,200 రూపాయలు. కార్డు వార్షిక రుసుము 500 రూపాయలైతే, జీఎస్టీతో కలిపి 590. మిగిలేది 610 రూపాయలు. అంటే నెలకు యాభై రూపాయల పైచిలుకు. మూడు లక్షల అరవై వేల రూపాయల ఖర్చు మీద లభించిన అసలు ప్రతిఫలం ఇది.

అదే కుటుంబం ఒక్క నెల 30,000 రూపాయల బిల్లుకు ఐదు శాతం కనీస మొత్తం, అనగా 1,500 రూపాయలు మాత్రమే కట్టిందనుకోండి. మిగిలిన 28,500 మీద నెలకు మూడున్నర రూపాయల చొప్పున వడ్డీ 997 రూపాయల 50 పైసలు. దాని మీద జీఎస్టీ 179 రూపాయల 55 పైసలు. మొత్తం 1,177 రూపాయలు. ఏడాది పొడవునా కూడబెట్టిన పాయింట్ల విలువ ఒక్క నెలలో కొట్టుకుపోయింది. పైగా పూర్తి బిల్లు కట్టనప్పుడు వడ్డీ గడువు తేదీ నుండి కాక, వస్తువు కొన్న తేదీ నుండే మొదలవుతుంది. అంతేకాదు, పాత బకాయి మొత్తం తీరేదాకా కొత్తగా కొన్న ప్రతి వస్తువు మీద కూడా వడ్డీ లేని గడువు ఉండదు, గీసిన రోజు నుండే వడ్డీ నడుస్తుంది. ఈ రెండవ సంగతి చాలామందికి తెలియదు. కనీస మొత్తం కడితే చాలునని ఆ బిల్లు మీదనే వ్రాసి ఉంటుంది గనుక, అది మర్యాదగల ఏర్పాటు అనుకుంటారు.

పులివెందుల సోదరునికి మేము చెప్పేది ఇదే. కార్డు గడువు ఎంత సాగినా నలభై అయిదు, యాభై రోజులకు మించదు. చీనీ చెట్టు బ్యాంకు తేదీలను బట్టి కాయదు. పంట మీద ఆధారపడిన ఖర్చును కార్డు మీద వేయడమే మొదటి పొరపాటు. ఎరువుల అంగడి యజమానితో "పంటకు కడతాను, వెల ఎంత" అని ముందే మాట్లాడుకోండి. నగదు ధర కంటే వాయిదా ధర కొంత ఎక్కువైనా, ఆ వెల బేరం కుదిరిన సమయంలోనే ఒక్కటిగా స్థిరపడి, తరువాత ఆలస్యమైతే పెరగకుండా ఉంటే, అది ధర్మసమ్మతమైన వ్యాపారమని నాలుగు మజ్హబ్‌ల విద్వాంసులలో అత్యధికులు చెప్పారు. కాగితం మీద వ్రాసుకోండి. అప్పును వ్రాసుకొమ్మని ఆజ్ఞాపించిన ఆయతు ఖుర్ఆన్‌లోని అన్ని ఆయతులకంటే పొడవైనది. మన వాళ్ళు మాత్రం కాగితం అడిగితే నమ్మకం లేదని అలుగుతారు. ఇప్పుడు కార్డు మీద ఉన్న బకాయికి, తోటలోని ఏదైనా సామానమ్మి అయినా, బంధువుల నుండి వడ్డీ లేని చేబదులు తీసుకుని అయినా ముందుగా ముగింపు పలకండి. పాయింట్ల మాట ఆ తరువాత.

ఇక కార్డు సంగతి మొదటి నుండి చూద్దాము. క్రెడిట్ కార్డు మన తెలుగువారికి కొత్తది కాదు. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు ఇచ్చి, దేశంలో ఈ పని తొలుత చేపట్టిన బ్యాంకులలో ఒకటిగా పేరు పొందింది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. ఆనాడు కార్డు నగరాలలోని కొద్దిమంది అధికారుల, వ్యాపారుల జేబులో మాత్రమే ఉండేది. 2022లో రూపే క్రెడిట్ కార్డును యూపీఐతో జతచేయడానికి అనుమతి వచ్చిన తరువాత, అంగడి గోడ మీది క్యూఆర్ కోడును ఫోనుతో చూపించి కూడా అప్పు మీద కొనడం సాధ్యమైంది. చేతిలో కార్డు కనబడదు, మన ఖాతాలోని డబ్బు పోయిందో, బ్యాంకు అప్పు పెరిగిందో ఆ క్షణంలో తెలియదు. జమ్మలమడుగు వంటి ఊళ్ళకు ఈ విషయం చేరింది ఈ దారినే.

ధర్మశాస్త్రవేత్తలు ఏమన్నారు? ఇస్లామీ దేశాల సంస్థకు చెందిన అంతర్జాతీయ ఫిఖ్‌హ్ అకాడమీ 2000 సెప్టెంబరులో రియాద్ సమావేశంలో ఈ విషయం చర్చించింది. ఖాతాలో సొమ్ము హామీగా లేని కార్డు, ఆలస్యమైతే వడ్డీ కట్టాలనే షరతుతో ఇచ్చినదైతే, గడువులోగా కట్టేయాలనే గట్టి సంకల్పం ఉన్నవారికి కూడా దానిని తీసుకోవడం సమ్మతం కాదని తీర్మానించింది. మన దేశపు ఇస్లామిక్ ఫిఖ్‌హ్ అకాడమీ కూడా 2006లో మైసూరు సదస్సులో ఏటీఎం, డెబిట్ కార్డులకు అనుమతి తెలిపి, ప్రచారంలో ఉన్న క్రెడిట్ కార్డుకు అనుమతి ఇవ్వలేదు. మరికొందరు విద్వాంసులు, వారిలో ముఫ్తీ తఖీ ఉస్మానీ వంటివారు, వడ్డీ పడే పరిస్థితి రానీయకుండా గడువులోగా పూర్తి సొమ్ము కట్టే ఏర్పాటు ఉంటే వాడవచ్చునన్నారు. వడ్డీ షరతు మీద సంతకం చేయడమే దోషమా, లేక వడ్డీ కట్టడం దోషమా అన్నదే ఈ అభిప్రాయభేదానికి మూలం.

మా మాట ఇది: కార్డు లేనివారు పాయింట్ల కోసమని కార్డు తీసుకోకండి. డెబిట్ కార్డు, యూపీఐ ఉన్నచోట ఇంటి అవసరాలేవీ ఆగవు. వ్యాపారం వలననో, ఉద్యోగం వలననో కార్డు తప్పనిసరి అయినవారు, బిల్లు మొత్తం గడువు తేదీకి ముందే బ్యాంకు ఖాతా నుండి తనంతట తానే జమ అయ్యే ఏర్పాటు చేసుకోండి. ఆ ఏర్పాటులో "కనీస మొత్తం", "పూర్తి మొత్తం" అని రెండు ఎంపికలుంటాయి. మొదటిది ఎంచుకుని, ఏర్పాటు చేశాము కదా అని నిశ్చింతగా ఉన్నవారిని ఎరుగుదుము. ఒకసారి తెరిచి చూసుకోండి.

పాయింట్లు తీసుకోవచ్చునా అన్న ప్రశ్నలో మనవారు సాధారణంగా తలక్రిందులుగా ఆలోచిస్తారు. క్రెడిట్ కార్డు పాయింట్లు అనుమానాస్పదమని, డెబిట్ కార్డు మీద బ్యాంకు ఇచ్చే కానుకలు నిస్సందేహమని అనుకుంటారు. ఫిఖ్‌హ్ లెక్క ఇందుకు విరుద్ధంగా నడుస్తుంది. అప్పు ఇచ్చినవాడు ఆ అప్పు కారణంగా షరతు ప్రకారం ఏ లాభం పొందినా అది వడ్డీ అన్నది ఫఖీహ్‌లు అంగీకరించిన సూత్రం. క్రెడిట్ కార్డులో అప్పు ఇచ్చేది బ్యాంకు, తీసుకునేది మీరు. ఇక్కడ కానుక అప్పు ఇచ్చినవాడి నుండి తీసుకున్నవాడికి వస్తున్నది. ఆ సూత్రం దీనికి వర్తించదు. డెబిట్ కార్డులో మీ సొమ్ము బ్యాంకు దగ్గర ఉన్నది. శాస్త్ర దృష్టిలో అది మీరు బ్యాంకుకు ఇచ్చిన అప్పు. ఆ అప్పు ఉంచినందుకు బ్యాంకు మీకు పాయింట్లు, బహుమతులు ఇస్తే, అప్పు ఇచ్చినవాడికి లాభం చేరుతున్నది. అందువల్ల హనఫీ ముఫ్తీలు అనేకులు బ్యాంకు తన తరఫున డెబిట్ కార్డు మీద ఇచ్చే కానుకలను వద్దన్నారు. అంగడివాడు తన తరఫున వెల తగ్గిస్తే అభ్యంతరం లేదు, అది అతని సరుకు, అతని వెల. కనుక మీకు వచ్చిన తగ్గింపు ఎవరి జేబు నుండి వచ్చిందో చూడాలి.

అయితే క్రెడిట్ కార్డు పాయింట్ల సొమ్ము బ్యాంకుకు ఎక్కడి నుండి వస్తుంది? మీరు కార్డు గీసినప్పుడు అంగడివాడు సుమారుగా నూటికి రెండు రూపాయల వరకు రుసుము వదులుకుంటాడు. అందులో మీ బ్యాంకుకు వాటా ఉంటుంది. ఆ వాటాలో కొంత మీకు తిరిగి ఇస్తారు. రెండవ ఆదాయం, బిల్లు కట్టలేనివారి నుండి వచ్చే వడ్డీ. ఏ రూపాయి ఏ సంచిలోనిదో విడదీసి చూపడం ఎవరికీ సాధ్యం కాదు. అంగడివాడి రుసుము అనే ధర్మసమ్మతమైన మూలం ఉన్నందున పాయింట్లు తీసుకోవచ్చునన్న విద్వాంసుల మాటను మేము కాదనము. కానీ పులివెందుల యువకుడు కట్టిన వడ్డీలో కొంత, ప్రొద్దుటూరు వ్యాపారి ఉమ్రా టికెట్టులో కలిసి ఉండవచ్చునన్న తలంపు వచ్చినప్పుడు, ఇది సంబరపడి ఊరంతా చెప్పుకోదగిన లాభం కాదనిపిస్తుంది.

జమ్మలమడుగు సోదరికి: మీ భర్త ప్రతి నెలా పూర్తి బిల్లు కడుతున్నట్లయితే, ఆ కూపన్లతో తెచ్చిన నూనె, బియ్యం వండుకోవచ్చును. అవి మీ మీద నిషిద్ధం కాలేదు. కానీ ఒక నెలపాటు ఒక పని చేయండి. కార్డు మీద కొనక ముందు ఇంటికి నెలకు ఎంత సరుకు వచ్చేదో పాత చిట్టా తీసి, ఇప్పటి బిల్లుతో పోల్చండి. పాయింట్ల కోసం నాలుగు వేల సరుకు అయిదు వేలయితే, పది రూపాయల కూపను కోసం వెయ్యి రూపాయలు పోయినట్టే. ఖర్చు మైలురాయి దాటితే అదనపు పాయింట్లు ఇస్తామని కార్డు కంపెనీలు ఊరిస్తాయి. ఇంకా మూడు వేలు ఖర్చుపెడితే చాలును అని అవసరం లేని మిక్సీ కొనే ఇళ్ళు ఉన్నాయి. దుబారా చేసేవారు షైతాను సోదరులని బనీ ఇస్రాయీల్ సూరా చెబుతున్నది. కూపను పేరుతో చేసిన దుబారాకు అందులో మినహాయింపు లేదు.

మీ వీధి చివరి అంగడి సంగతి కూడా ఆలోచించండి. చేతిలో డబ్బు లేని నెలలో వడ్డీ లేకుండా ఉద్దర ఇచ్చి, పేరు పుస్తకంలో వ్రాసుకునేది ఆయనే. డబ్బు ఉన్న నెలలలో కూపను పట్టుకుని పెద్ద దుకాణానికి పోయి, లేని నెలలో ఆయన దగ్గరకు రావడం న్యాయంగా కనిపించదు. ఇది ఫత్వా కాదు, ఇరుగుపొరుగు హక్కు.

ఇక పాయింట్ల విలువ అందరికీ ఒకటి కాదు. ఒకే పాయింటును బిల్లు తగ్గింపుగా తీసుకుంటే పావలా, అంగళ్ళ కూపనుగా అర్ధరూపాయి, విమాన మైళ్ళుగా మార్చి టికెట్టు తీస్తే ముప్పావలా, రూపాయి దాకా పలికే పథకాలు ఉన్నాయి. వాటి ప్రకటనలలో రూపాయి మాటే పెద్ద అక్షరాలతో ఉంటుంది. విమానాశ్రయంలో విశ్రాంతి గది ప్రవేశం, గోల్ఫు మైదానంలో ఆట, అయిదు నక్షత్రాల హోటలులో తగ్గింపు అంటూ లెక్కగట్టి వేల రూపాయల లాభం చూపిస్తారు. జమ్మలమడుగులో ఉంటూ ఏడాదికి ఒక్కసారి కూడా విమానం ఎక్కని కుటుంబానికి ఆ విశ్రాంతి గది వెల సున్న. రుసుము మాత్రం అందరికీ ఒకటే. అటువంటి ఇంటికి బిల్లు తగ్గింపుగా వచ్చే పావలాయే నిజమైన పావలా. పాయింట్లను సొమ్ముగా మార్చినందుకు కూడా కొన్ని బ్యాంకులు 99 రూపాయలు, దాని మీద జీఎస్టీ తీసుకుంటాయి. నెలకొకసారి మార్చకుండా ఏడాదికి ఒకటి రెండు సార్లు మార్చుకుంటే ఆ ఖర్చు తగ్గుతుంది. అలాగని దాచుకుంటూ పోవద్దు. చాలా పాయింట్లకు రెండు మూడేళ్ళ గడువు ఉంటుంది. అదీకాక బ్యాంకు తలచుకున్నప్పుడు నోటీసు ఇచ్చి పాయింటు విలువ తగ్గించగలదు. పాయింటు మీ ఆస్తి కాదు, బ్యాంకు మాట మాత్రమే.

పెట్రోలు, ఇంటి అద్దె, వాలెట్టులో వేసే సొమ్ము, వాయిదాలుగా మార్చిన కొనుగోళ్ళ మీద చాలా కార్డులు పాయింట్లు ఇవ్వవు. "వడ్డీ లేని వాయిదాలు" అన్న మాట కూడా నమ్మదగినది కాదు. అక్కడ బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంగడివాడు అంత మొత్తం ముందే తగ్గిస్తాడు, ఆ వడ్డీ మీద జీఎస్టీ మీరు కడతారు. సున్న శాతం వడ్డీ అనేదే లేదని, వడ్డీని రుసుముల ముసుగులో దాచవద్దని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులను హెచ్చరించింది. ఒప్పందపత్రంలో వడ్డీ అని పేరు పెట్టి వ్రాసినదాని మీద ముస్లిము సంతకం చేయడం, మరొకరు దానిని తీర్చినా, మాకు సమ్మతం కాదు.

ప్రొద్దుటూరు సోదరుని లక్ష పాయింట్ల విషయం దీనికి భిన్నం. ఆయన వ్యాపారం కోసం పెట్టిన ఖర్చు మీద వచ్చినవి, బిల్లు ప్రతి నెలా తీరుస్తున్నానన్నారు. బిల్లు తగ్గింపుగా తీసుకుంటే పావలా లెక్కన 25,000 రూపాయలు. విమాన మైళ్ళుగా మారిస్తే ఎక్కువ రావచ్చును, కానీ లెక్క వేసి చూడాలి. మైళ్ళ మీద తీసిన టికెట్టుకు కూడా పన్నులు, సర్‌చార్జీలు జేబు నుండి కట్టవలసి ఉంటుంది. నగదు ధర 38,000 రూపాయలున్న టికెట్టు 45,000 మైళ్ళకు, దాని పైన 8,000 రూపాయల పన్నులకు దొరికిందనుకుంటే, మిగిలేది 30,000. దానిని 45,000తో భాగిస్తే మైలుకు అరవై ఆరు పైసలు. పాయింటుకు ఒక మైలు ఇచ్చే కార్డయితే పావలా కంటే మేలు. రెండు పాయింట్లకు ఒక మైలు ఇచ్చేదైతే లాభం దాదాపు పోయినట్టే. ఒకసారి మైళ్ళుగా మార్చిన పాయింట్లు మళ్ళీ వెనక్కు రావు గనుక, కావలసిన తేదీన ఆ టికెట్టు ఉన్నదని చూసుకున్న తరువాతనే మార్చాలి. రమజాను రోజులలో మైళ్ళ టికెట్లు దొరకడం కష్టం. తల్లిగారికి ఆరోగ్యం అనుకూలించే మరొక నెల చూడటమే మంచిది. మైళ్ళు ఆయన పేర ఉన్నా, చాలా పథకాలలో తల్లి పేరు మీద టికెట్టు తీయవచ్చును.

ఆ టికెట్టుతో చేసిన ఉమ్రా నెరవేరుతుంది. కానుకగా వచ్చిన దానితో ప్రయాణించిన వారి ఆరాధన వంటిదే అది. ఒక్క మాట మాత్రం: ఆయనకు ఎవరికైనా తీర్చవలసిన అప్పు గడువు దాటి ఉంటే, అది ముందు. అల్లాహ్ మార్గంలో ప్రాణమిచ్చినవాని పాపాలన్నీ క్షమించబడినా, అప్పు మిగిలిపోతుందని ముస్లిం గ్రంథంలోని హదీసు హెచ్చరిస్తున్నది.

ఆయన తన లేఖ చివర, కూతురి పెళ్ళి నగలు కూడా కార్డు మీద కొంటే మరిన్ని పాయింట్లు వస్తాయని వ్రాశారు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళకు సీమ అంతటా పేరున్నది, అక్కడివారికి ఇది మరీ ముఖ్యం. బంగారం, వెండి, డబ్బు విషయంలో మార్పిడి చేతికి చేయిగా జరగాలని ఉబాదా బిన్ సామిత్ (రజి) హదీసులో ఆజ్ఞ ఉన్నది. నగ ఈ రోజు తీసుకుని వెల రేపు ఇవ్వడం అందులో ఇమడదు. రియాద్ తీర్మానం కూడా ఖాతాలో సొమ్ము హామీగా లేని కార్డు మీద బంగారం, వెండి, కరెన్సీ కొనరాదని ప్రత్యేకంగా చెప్పింది. బ్యాంకు అంగడివాడికి వెంటనే సొమ్ము చేరవేస్తే అభ్యంతరం లేదన్నవారూ ఉన్నారు. ఈ అభిప్రాయభేదంలో దిగవలసిన అవసరమే లేదు. లక్ష రూపాయల నగకు కార్డు గీస్తే నూటికి రెండు చొప్పున 2,000 రూపాయలు అదనంగా అడిగే అంగళ్ళు ఉన్నాయి. పైన చెప్పిన కార్డు మీద, నగలకు పాయింట్లు ఇస్తేనే, వచ్చేది 333 రూపాయలు. చాలా కార్డులు నగలకు అసలు ఇవ్వవు. నగదో, డెబిట్ కార్డో, ఖాతా నుండి నేరుగా బదిలీయో చేయండి.

కార్డు గీసి నగదు తీసుకునే అలవాటు గురించి ఎవరూ అడగలేదు, కానీ చెప్పకుండా ఉండలేము. ఏ సరుకూ కొనకుండానే అంగడివాడి యంత్రంలో 10,000 రూపాయలకు కార్డు గీసి, 9,700 చేతికి తీసుకోవడం మన ఊళ్ళలో వ్యాపారంగా సాగుతున్నది. పాత కార్డు బిల్లు కొత్త కార్డుతో తీర్చేవారు, పాయింట్ల మైలురాయి కోసం గీసేవారు ఇందులో ఉన్నారు. డబ్బుకు బదులు తక్కువ డబ్బు, ఇది నికరమైన వడ్డీ. కొనని సరుకు కొన్నట్టు బిల్లు పుట్టించడం అబద్ధం. అప్పు మితిమీరినవాడు మాట్లాడితే అబద్ధమాడతాడని, వాగ్దానం చేస్తే తప్పుతాడని, అందుకే అప్పు నుండి తాము శరణు కోరుతున్నామని దైవప్రవక్త (స) చెప్పిన సంగతి ఆయిషా (రజి) ఉల్లేఖించారు. ఇక్కడ ఆ రెండూ కార్డు గీసిన నిమిషంలోనే జరిగిపోతున్నాయి. ఆ యంత్రం పెట్టుకుని కమిషను తీసుకునే మన సోదరులు కూడా తమ ఆదాయం ఏమిటో ఒకసారి చూసుకోవాలి.

"మీ పాయింట్ల గడువు ఈ రాత్రితో తీరిపోతున్నది, ఈ లింకు నొక్కండి" అని ఫోనుకు వచ్చే సందేశాలు దాదాపు అన్నీ మోసాలే. లింకు నొక్కవద్దు, వారు పంపిన యాప్ దించుకోవద్దు, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. పాయింట్లు బ్యాంకు సొంత యాప్‌లోనే చూసుకోండి. సొమ్ము పోయినట్లు తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే సొమ్మును మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

జకాత్ గురించి ఇద్దరు ముగ్గురు అడిగారు. వాడని పాయింట్ల మీద జకాత్ లేదు, అవి ఇంకా మీ చేతికి వచ్చిన సొమ్ము కావు. బిల్లు తగ్గింపుగానో నగదుగానో మారిన తరువాత మీ మిగతా సొమ్ములో కలిసిపోతాయి. జకాత్ లెక్కించే రోజున తీర్చవలసి ఉన్న కార్డు బిల్లును మీ సొమ్ము నుండి తీసివేసి లెక్కించవచ్చును.

కార్డు వదిలించుకోదలచినవారు ముందుగా బకాయి తీర్చి, పాయింట్లు వాడుకుని, ఆ తరువాత వ్రాతపూర్వకంగా గానీ, యాప్‌లో గానీ రద్దు కోరండి. కార్డు రద్దయితే మిగిలిన పాయింట్లు సాధారణంగా పోతాయి. బకాయి లేని కార్డును కోరిన ఏడు పనిదినాలలో రద్దు చేయాలని, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున వినియోగదారునికి చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ నిబంధనలలో ఉన్నది. ఆ 500 రూపాయలు తీసుకోవచ్చునా అని కూడా ఒక సోదరుడు అడిగారు. అది అప్పు మీద పెరిగిన సొమ్ము కాదు గనుక వడ్డీ క్రిందకు రాదు. అయినా మనస్సు ఒప్పుకోనివారు దానిని పేదలకు ఇచ్చివేయవచ్చును. కార్డును ముక్కలుగా కత్తిరించి పారవేయడం మాత్రం రద్దు కాదు. రద్దు అయినట్లు బ్యాంకు నుండి సందేశం వచ్చేదాకా వార్షిక రుసుము నడుస్తూనే ఉంటుంది.